మైకులన్నీ ఆపేసిన క్లాసులో పెద్దవాళ్ళు ఎవరితో మాట్లాడాలి?

పెద్దవాళ్ళ కోసం ఆన్‌లైన్ క్లాసులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. పొద్దున్నే కుర్చీలో కూర్చుని చేసే యోగా, పదకొండింటికి భగవద్గీత, మధ్యాహ్నం అన్నమయ్య కీర్తనలు, శుక్రవారం సాయంత్రం లలితా సహస్రనామ పారాయణం, ఇవి కాక ఫోన్ వాడకం నేర్పేవి, పద్యాలు చదివించేవి. ఇవన్నీ మంచివే, ఇంకా రావాలి. కానీ వీటిలో చాలావాటిని నడిపే పద్ధతి చూస్తే నాకు బాధేస్తుంది. రెండు మూడు వందల మంది చేరతారు, అందరి మైకులూ ఆపేస్తారు, గురువుగారు గంటసేపు చెబుతారు, చివర్లో చాట్‌లో దణ్ణాల బొమ్మలు వరసగా వస్తాయి, అయిపోతుంది. గంటసేపు క్లాసులో కూర్చున్న ఆవిడ ఒక్క మాట మాట్లాడకుండా, తన పేరు ఎవరి నోటా వినకుండా ఫోన్ పక్కన పెట్టేస్తుంది. పాఠం ఒక్కటే కావాలంటే యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి. ఆవిడ ఆ టైమ్‌కి పనులన్నీ ముగించుకుని, తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని కూర్చున్నది నలుగురూ కనిపిస్తారని, నాలుగు మాటలు మాట్లాడొచ్చని.

ఇది కొద్దిమంది సమస్య కాదు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్ళు 2022 నాటికి దాదాపు 14.9 కోట్ల మంది, అంటే జనాభాలో 10.5 శాతం. 2050 కల్లా 34.7 కోట్లు అవుతారని అంచనా. దక్షిణాది రాష్ట్రాల్లో ఈ వాటా ఇప్పటికే దేశ సగటు కంటే ఎక్కువ. మన రెండు రాష్ట్రాల్లో పిల్లలు హైదరాబాద్‌కో బెంగళూరుకో అమెరికాకో వెళ్ళిపోయి, పెద్దవాళ్ళు మాత్రం సొంత ఇంట్లో మిగిలిన వీధులు ఎన్నో. పిల్లల దగ్గరే ఉన్నవాళ్ళ సంగతీ అంతంతమాత్రమే. అందరూ ఆఫీసులకీ కాలేజీలకీ వెళ్ళిపోయాక పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ ఫ్లాట్‌లో వాళ్ళకి తోడు టీవీయే.

మాట్లాడటానికే అంత విలువ ఎందుకివ్వాలి అనేవాళ్ళకి అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం గురించి చెప్పాలి. పేరు ఐ-కనెక్ట్, హిరోకో డాడ్జ్ అనే పరిశోధకురాలి ఆధ్వర్యంలో జరిగింది. డెబ్బై అయిదేళ్ళు దాటి, మనుషులతో కలవడం బాగా తగ్గిపోయిన 186 మందిని తీసుకున్నారు. అందులో సగం మందితో శిక్షణ పొందినవాళ్ళు వీడియో కాల్‌లో అరగంట చొప్పున, వారానికి నాలుగుసార్లు, ఆరు నెలలపాటు మాట్లాడారు. పాఠం లేదు, పరీక్ష లేదు, ఒక విషయమో ఫోటోనో పెట్టుకుని కబుర్లు అంతే. మిగతా సగానికి వారానికోసారి పది నిమిషాల పలకరింపు ఫోన్ మాత్రమే. ఆరు నెలల తర్వాత చూస్తే కబుర్లు చెప్పినవాళ్ళు జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి కొలిచే పరీక్షలో రెండోవాళ్ళ కంటే మెరుగ్గా ఉన్నారు. అది ఒకరితో ఒకరు మాట్లాడిన ప్రయోగం కాబట్టి పదిమంది క్లాసుకి దాన్ని ఉన్నదున్నట్టు అంటగట్టలేం. కానీ ఎదుటివాళ్ళు అడిగినదానికి అప్పటికప్పుడు మాట వెతుక్కుని, గుర్తు తెచ్చుకుని జవాబు చెప్పడంలో బుర్రకి పని ఉంటుందన్నది దాని సారం. ఊరికే వింటూ కూర్చుంటే ఆ పని పడదు.

బయటి దేశాల్లో ఇలాంటి క్లాసులు కరోనాకి చాలా ముందే మొదలయ్యాయి. కాలిఫోర్నియాలో 2004లో గోడలు లేని సీనియర్ సెంటర్ అనే పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. అప్పుడు వాడింది మామూలు టెలిఫోనే, కాన్ఫరెన్స్ కాల్‌లో పాటలు, పజిళ్ళు, పుస్తకాల మీద చర్చ. ఇప్పుడది వెల్ కనెక్టెడ్ అనే పేరుతో నడుస్తోంది, ఇప్పటికీ స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళు మామూలు ఫోన్ నుంచి చేరొచ్చు. న్యూయార్క్‌లో సెల్ఫ్‌హెల్ప్ అనే సంస్థ 2010లో మైక్రోసాఫ్ట్ సాయంతో, ఇంట్లోంచి కదల్లేని పెద్దవాళ్ళ ఇళ్ళకి తెరని తాకి వాడే కంప్యూటర్లు పంపి, ఒకరికొకరు కనబడుతూ మాట్లాడుకునే క్లాసులు పెట్టింది. నాకు వీటిలో నచ్చింది ఒకటే. టెక్నాలజీ మారినా, క్లాసుకి వచ్చినవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవడం అన్నది మాత్రం వాళ్ళు వదల్లేదు.

మన దగ్గరా బాగా సాగుతున్నవి లేకపోలేదు. 2020 లాక్‌డౌన్‌లో మొదలైన లర్న్ గీతా క్లాసుల్నే చూడండి, జూమ్‌లో ఉచితంగా, తెలుగుతో సహా చాలా భాషల్లో జరుగుతున్నాయి. వాటిలో స్థాయిలున్నాయి, పారాయణ పరీక్షలున్నాయి. డెబ్బై ఏళ్ళ మనిషి మళ్ళీ పరీక్షకి చదువుకుంటోందంటే ఆ రోజుకో లెక్క ఉన్నట్టే. మా పెద్దమ్మది ఇంకా చిన్న గుంపు. ఆవిడకి ఎనభై దాటాయి, రెండు మోకాళ్ళూ పట్టేశాయి, తెనాలిలో లిఫ్ట్ లేని బిల్డింగ్‌లో రెండో అంతస్తు, గుడికి వెళ్ళడం మానేసి చాలా కాలమైంది. పదిమంది కలిసి మధ్యాహ్నాలు పోతన భాగవతం చదువుకుంటారు, తలా ఒక పద్యం. నడిపేది ఒక రిటైర్డ్ టీచరమ్మ. పద్యం పూర్తయ్యాక అర్థం చెప్పుకునే వంకతో మొదలై మాట ఎక్కడికో పోతుంది: చిన్నప్పుడు ఆ పద్యం ఎవరు నేర్పారు, బడిలో ఎవరు దెబ్బలు తిన్నారు, ఇవాళ ఎవరింట్లో ఏం కూర. ఒకసారి మా పెద్దమ్మ జ్వరంతో రెండు రోజులు చేరకపోతే విజయనగరం నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "వదినగారూ, మీ పద్యం ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టాం" అని చెప్పింది. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా ఎప్పుడూ కలవలేదు.

ఆ ఫోన్ వచ్చిందంటే గుంపు చిన్నది కాబట్టే. మూడు వందల మందిలో ఒకరు రాకపోతే ఎవరికీ తెలీదు. అందుకని నా మాట వింటే ఇలాంటి క్లాసుకి పన్నెండు మంది దాటకూడదు, ఎక్కువమంది వస్తే ఇంకో గుంపు పెట్టాలి. అంతమంది టీచర్లు ఎక్కడ దొరుకుతారు అంటారు. పెద్దవాళ్ళలోనే దొరుకుతారు! ముప్పై ఏళ్ళు తెలుగో లెక్కలో చెప్పినవాళ్ళు, హార్మోనియం వాయించేవాళ్ళు, ఆవకాయ కొలతలు నోటికి చెప్పేవాళ్ళు, పోస్టాఫీసులో పనిచేసి పొదుపు పథకాలన్నీ తెలిసినవాళ్ళు. వాళ్ళని ఎప్పుడూ నేర్చుకునేవాళ్ళుగానే కూర్చోబెట్టడం నాకు మింగుడుపడదు. వంతులవారీగా ఒక్కో వారం ఒక్కొక్కరు చెబితే, చెప్పే రోజు కోసం ఆ మనిషి వారమంతా తయారవుతాడు.

ఇక ఇబ్బందులు. మొదటిది లింకు. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కాలి, పేరు కొట్టాలి, పాస్‌వర్డ్ పెట్టాలి, మైక్‌కి అనుమతి ఇవ్వాలి, ఈలోపు పావుగంట పోతుంది, టెన్షన్‌తో చెమటలు పడతాయి. చిన్న గుంపుకి వాట్సాప్ వీడియో కాల్ నయం, ముప్పై రెండు మంది దాకా చేరొచ్చు, ఫోన్ మోగితే ఎత్తడం ఒక్కటే పని. ఉచిత జూమ్ అయితే నలభై నిమిషాలకి ఆగిపోతుంది, మాట మధ్యలో తెగితే మళ్ళీ చేరే ఓపిక సగం మందికి ఉండదు. రెండోది వినికిడి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే వినికిడి మిషన్ పెట్టుకున్నవాళ్ళకి రొద తప్ప ఏమీ అర్థం కాదు. కాబట్టి పేరు పిలిచి ఒక్కొక్కరి చేత మాట్లాడించే మనిషి ఉండాలి. మూడోది సొంత ఫోన్, ముఖ్యంగా ఆడవాళ్ళకి. చాలా ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఆయన చేతిలో ఉంటుంది, ఆవిడకి బటన్ల ఫోన్. అది కూడా ఉంటేనే. క్లాసుకి మామూలు ఫోన్ దారి ఉంచకపోతే అందరికంటే ముందు బయట ఉండిపోయేది వీళ్ళే.

నాలుగోది భయం, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. డిజిటల్ అరెస్ట్ పేరుతో పోలీసులమంటూ వీడియో కాల్ చేసి పెద్దవాళ్ళ జీవితకాలం పొదుపు దోచేస్తున్న కాలం ఇది. అందుకే కొందరు పిల్లలు అమ్మానాన్నల్ని తెలియని కాల్ ఏదీ ఎత్తొద్దంటారు, వాళ్ళ జాగ్రత్త సరైనదే. కానీ ఆ దొంగలు ముందు చేసేది మనిషిని ఒంటరిని చెయ్యడం, ఎవరికీ చెప్పొద్దని గంటల తరబడి కాల్‌లో కట్టిపడెయ్యడం. రోజూ మధ్యాహ్నం పదిమందితో మాట్లాడే మనిషికి అలాంటి కాల్ వస్తే ఆ పదిమందిలో ఒకరికైనా చెప్పే అవకాశం ఉంటుంది. సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరుకి ఫోన్ చెయ్యమని గుర్తుచేసేవాళ్ళూ ఉంటారు.

విదేశాల్లో ఉన్న పిల్లలకి ఒక మాట. ఆదివారం వీడియో కాల్‌లో "తిన్నారా, మందులు వేసుకున్నారా, బీపీ ఎంత" అని అడగడం ప్రేమే, కాదనను. కానీ తన వయసువాళ్ళతో, తన కాలం గురించి, ఎవరూ జాగ్రత్తలు చెప్పకుండా మాట్లాడుకోవడం వేరు. టాబ్లెట్ కొని పంపిస్తే సరిపోదు. దాన్ని నాలుగైదు సార్లు విసుక్కోకుండా నేర్పే మనిషిని ఊళ్ళోనే చూడాలి, పక్కింటి డిగ్రీ కుర్రాడైనా చాలు, అతనికి డబ్బులిచ్చినా తప్పులేదు.

క్లాసు పెట్టేశాం కదా అని మనుషులు ఇంటికి వెళ్ళి పలకరించడం మానేస్తారేమో అన్న భయం నాకూ ఉంది. నడవగలిగినవాళ్ళకి పార్కు, గుడి, గ్రంథాలయమే మేలు. నేను మాట్లాడుతున్నది మెట్లు దిగలేనివాళ్ళ గురించి, మంచం పట్టిన భర్తని వదిలి అరగంట కూడా బయటికి వెళ్ళలేని ఆడవాళ్ళ గురించి.

దీన్ని ప్రైవేటు యాప్‌లకీ, సేవాసంస్థల ఓపికకీ వదిలెయ్యక్కర్లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మన ఆస్తిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. జిల్లా గ్రంథాలయ సంస్థలున్నాయి, పట్టణాల్లో భవనాలున్నాయి, సిబ్బంది ఉన్నారు. పుస్తకం దగ్గరికి రాలేనివాళ్ళ కోసం 1930ల్లోనే కృష్ణా కాలువల మీద పడవల్లో పుస్తకాలు తిప్పిన ఉద్యమం మనది. శాఖా గ్రంథాలయానికి ఒక ఫోన్ లైను, కాన్ఫరెన్స్ కాల్ సౌకర్యం, మధ్యాహ్నాలు రెండు గంటలు కూర్చుని పేర్లు పిలిచే ఒక మనిషి, అప్పుడప్పుడూ ఇంటికి వెళ్ళి ఫోన్ సరిచేసి వచ్చే ఒక కుర్రాడు ఉంటే వార్డుకో గుంపు నడుస్తుంది. సెస్సు డబ్బు మునిసిపాలిటీల దగ్గరే బకాయి పడి ఉంటోందని గ్రంథాలయ ఉద్యోగులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. ముందు ఆ బకాయిలు ఇప్పించాలి. ఈసారి మీ వార్డు కౌన్సిలర్ కనబడితే రోడ్డు గురించి అడిగినట్టే దీని గురించీ అడగండి.