చిల్లికుండకు ఆరు సూత్రాలు

ఫిజియోథెరపీ చదివి సొంత క్లినిక్ పెట్టుకున్నవారిలో ఈ సందేశం అందనివారు తక్కువ. నాకే నలుగురు పంపారు. ‘ఏడాదిలో మీ క్లినిక్ రెండింతలు’ అని శీర్షిక, కింద ఆరు సూత్రాలు. పెరుగుదల అంటే కొత్త పేషెంట్లే, కాబట్టి ప్రకటనల మీద ఖర్చు పెట్టండి. యంత్రాలు కొనండి, పేషెంటు యంత్రాన్నే నమ్ముతాడు. గంటకు నలుగురిని చూడండి. మొదటి రోజే ముప్ఫై సిట్టింగుల ప్యాకేజీ అమ్మండి. పేషెంట్లను పంపే డాక్టర్లను ‘సంతోషపెట్టండి’. లాభం కనిపించగానే రెండో శాఖ తెరవండి. రాసింది ఎవరో తెలియదు. పేషెంటు మోకాలిని ఒక్కసారైనా వంచి చూసినవారు మాత్రం కాదని నా అనుమానం.

ఈ ఆరింటిలో మూడింటిని నేను స్వయంగా పాటించి చేతులు కాల్చుకున్నాను. మిగిలిన మూడింటికి సిగ్గు అడ్డొచ్చింది.

ముందు కొత్త పేషెంట్ల సంగతి. క్లినిక్ తెరిచిన తొలి నెలల్లో ఆ మాట నిజమే, తలుపు తీసుకుని కూర్చున్నంత మాత్రాన పేరు పాకదు. ఆ దశ దాటాక లెక్క మారుతుంది. ఒక క్లినిక్‌కు నెలకు 100 మంది కొత్తవారు వచ్చి సగటున మూడు సిట్టింగులకే మానేస్తున్నారనుకుందాం. జరిగేవి 300 సిట్టింగులు. ఇంకో చోటికి 60 మందే వచ్చి సగటున ఎనిమిది పూర్తిచేస్తే 480 అవుతాయి. మొదటి క్లినిక్ వచ్చే నెల మళ్లీ 100 మందిని వెతుక్కోవాలి. తొలి రోజు చేసే పరీక్షకే అన్నిటికన్నా ఎక్కువ సమయం పడుతుంది, అదీ వందసార్లు చేయాలి. పైగా మధ్యలో మానేసినవారు పదిమందితో ‘ఫిజియోథెరపీ చేయించుకున్నాను, తగ్గలేదు’ అనే చెబుతారు. మన ప్రకటన చేరని చోటికి ఆ మాట చేరుతుంది.

నేనూ ప్రకటనలకు డబ్బు పోశాను. గది నిండుతూనే ఉండేది, నెలాఖరుకు చూస్తే ఆదాయం ఉన్నచోటే ఉండేది. ఒక సాయంత్రం అపాయింట్‌మెంట్ రిజిస్టరు ముందేసుకుని, చికిత్స పూర్తికాకుండా మానేసినవారి పేర్ల పక్కన ఎర్ర చుక్క పెట్టుకుంటూ పోయాను. పేజీకి తట్టు పోసినట్టయింది. వారిలో ఒక్కరికి కూడా మా వైపు నుంచి ఫోను వెళ్లలేదు. ఆ వారమంతా కూర్చుని చేశాం. ఎవరూ తిట్టలేదు. ఒకావిడకు వ్యాయామం చేసిన మర్నాడు నొప్పి పెరిగింది, లోపల ఏదో తెగిందని భయపడి మానేశారు. ఒకటి రెండు రోజులు కొద్దిపాటి నొప్పి మామూలేనని, ఎంత దాటితే ఆపాలో మేం ముందే చెప్పలేదు. ఇంకొకరికి రెండు సార్లకే కాస్త తగ్గింది, చాలనుకున్నారు. మరొకరికి సాయంత్రం ఆరు దాటితే తప్ప కుదరదు, మా దగ్గర ఆ వేళలన్నీ ఎప్పుడూ నిండి ఉంటాయి. అన్నిటికన్నా ఎక్కువమంది, కాస్త తటపటాయించి, చెప్పిన కారణం ఇది: ఇంట్లో చేయమన్న వ్యాయామాలు చేయలేదు, చేయకుండా వచ్చి మొహం ఎలా చూపించాలని రాలేదు.

ఆ కారణం నన్ను చాలా రోజులు వదల్లేదు. మేమిచ్చే కాగితం మీద ఎనిమిదో తొమ్మిదో బొమ్మలుండేవి. ఎక్కువ రాసిస్తే ఎక్కువ తెలుసనుకుంటారని నా ఆశ. 65 ఏళ్లు పైబడినవారికి ఇంటి వ్యాయామాలిచ్చి చూసిన ఒక చిన్న అధ్యయనం 1999లో వెలువడింది. అందులో రెండే వ్యాయామాలు అందుకున్నవారు, ఎనిమిది అందుకున్నవారికన్నా వాటిని మెరుగ్గా చేయగలిగారు. ఇప్పుడు మా కాగితం మీద రెండు, తప్పదంటే మూడు. దానితో పాటు, చేయలేకపోతున్న పనులు మూడు చెప్పమని అడుగుతాం. మెట్లు దిగడం కావచ్చు, బిడ్డను ఎత్తుకోవడం కావచ్చు. ఒక్కో పనికి సున్నా నుంచి పది వరకు అంకె వాళ్లనే వేయమంటాం; సున్నా అంటే అసలు చేయలేను, పది అంటే మునుపటిలా చేయగలను. రెండు వారాలకు మళ్లీ వేయిస్తాం. నొప్పి అలాగే ఉందని డీలాపడిన మనిషికి, మెట్ల దగ్గర తాను వేసిన మూడు ఇప్పుడు ఆరైందని చూపిస్తే మొహంలో వచ్చే మార్పు చూడాలి. అంకె కదలకపోతే మా అంచనాలోనే తప్పుందని మాకు తెలుస్తుంది. దీనికి కాగితం, పెన్ను చాలు.

పేషెంటు యంత్రాన్నే నమ్ముతాడన్నది సగం నిజం. దీపాలు మెరిసే పెట్టె పక్కన పడుకుంటే ఏదో జరుగుతోందనిపిస్తుంది. జరుగుతోందా అన్నది వేరే ప్రశ్న. బ్రిటన్‌లో ఏ చికిత్స ఇవ్వాలో బేరీజు వేసి చెప్పే నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, నడుం నొప్పికి ధ్వని తరంగాలిచ్చే అల్ట్రాసౌండ్, చర్మం మీంచి స్వల్ప విద్యుత్తు పంపే టెన్స్, ఐఎఫ్‌టీ, నడుమును సాగదీసే ట్రాక్షన్ ఇవ్వవద్దని ఒక్కొక్కదాని పేరు పెట్టి రాసింది. అమెరికాలో ఫిజికల్ థెరపిస్టుల సంఘం 2014లోనే, పేషెంటును వ్యాయామంలోకి దించడానికి అవసరమైతే తప్ప ఇలాంటివి వాడవద్దని తన వృత్తివారికే చెప్పింది. కొందరికి టెన్స్‌తో కాసేపు హాయిగా ఉంటుంది, ఆ కాసేపట్లో నాలుగు అడుగులు వేయించగలిగితే మంచిదే. నేనూ అందుకు వాడతాను. కానీ వాయిదాల మీద ఒక పెద్ద యంత్రం కొన్నప్పుడు జరిగింది వేరు. వాయిదా తేదీ దగ్గరపడే కొద్దీ ఆ యంత్రం అవసరమైన పేషెంట్లు పెరిగేవారు. మెడ నొప్పికీ అదే, మడమ నొప్పికీ అదే. రోగనిర్ణయం నా చేతుల్లోంచి జారి అప్పు చేతుల్లోకి వెళ్లిందని గ్రహించడానికి నాకు చాలా నెలలు పట్టింది.

గంటకు నలుగురు అన్న సూత్రాన్ని పూర్తిగా కొట్టిపారేయను. వ్యాయామాన్ని గుంపుగా చేయించవచ్చు. డెన్మార్క్‌లో 2013లో మొదలైన గ్లాడ్ అనే కార్యక్రమం మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల ఉన్నవారిని అలాగే చిన్న బృందాలుగా నడిపిస్తుంది. అయితే అక్కడ కూడా ముందు ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించాకే బృందంలో చేరుస్తారు. సందేశం చెబుతున్నది తొలి పరీక్షను కూడా పావుగంటకు కుదించమని. నడుం నొప్పితో వచ్చినవారిని తొడల మధ్య మొద్దుబారిందా, మూత్రవిసర్జనలో తేడా వచ్చిందా అని అడిగి తీరాలి. అవునంటే వెన్నుపాము కింది చివర ఉండే నరాల కట్ట నలుగుతూ ఉండవచ్చు, అదే రోజు ఆసుపత్రికి పంపాల్సిన పరిస్థితి అది. తెర అవతల ముగ్గురు వింటుండగా ఈ ప్రశ్నకు ఎవరు నోరు విప్పి జవాబిస్తారు? గంటకు నలుగురిని చూసే థెరపిస్టు అసలు ఈ ప్రశ్న అడగడు, గడియారం అడగనివ్వదు. అలా పరుగెత్తించిన థెరపిస్టులు ఎక్కువ కాలం ఉండరు కూడా. ఒకరు వెళ్లిపోయిన ప్రతిసారీ వారి చేతిని నమ్ముకున్న పేషెంట్లలో కొందరు వారితోనే పోతారు.

ముప్ఫై సిట్టింగుల ప్యాకేజీకి నా అభ్యంతరం ముప్ఫై అన్న అంకె మీద కాదు. మోకాలి లిగమెంటుకు ఆపరేషన్ జరిగిన ఆటగాడు మళ్లీ మైదానంలోకి దిగడానికి తొమ్మిది నెలలు పట్టవచ్చు. స్వల్పంగా చీలమండ బెణికినవారికి మూడు నాలుగు సార్లు రావడం సరిపోవచ్చు. ఇద్దరికీ ఒకే మూట అమ్మేవాడు పరీక్ష చేసినట్టా, చేయనట్టా? గ్లాడ్‌లో పర్యవేక్షణలో చేసే వ్యాయామ తరగతులు 12, వారానికి రెండు చొప్పున ఆరు వారాలు, ఆపై ఇంటికి. ఎక్కడ ముగుస్తుందో మొదటే చెప్పేసిన ఆ పద్ధతి ఒక దేశంలో పుట్టి కెనడాకు, ఆస్ట్రేలియాకు పాకింది. ఇక డబ్బు కోణంలో చూసినా ఈ సలహా వంకరే. ముందుగా పుచ్చుకున్న ప్యాకేజీ సొమ్ము సంపాదన కింద రాదు, పేషెంటుకు మనం పడ్డ బాకీ అది. ఈ నెల వచ్చిన దానితో ఈ నెల జీతాలిచ్చేస్తే, వచ్చే మూడు నెలలూ ఆ సిట్టింగులు చేయాలి, కొత్త డబ్బు రాదు. అప్పుడు ఇంకో ప్యాకేజీ అమ్మాలి. సగంలో మానేసినవారు డబ్బు వెనక్కి అడిగిన రోజు ఆ గొలుసు తెగుతుంది.

డాక్టర్లను ‘సంతోషపెట్టడం’ అనే ముద్దుమాటకు అసలు పేరు కమీషన్. చాలా దేశాల్లో అది వృత్తి నియమాలకు విరుద్ధం, కొన్నిచోట్ల నేరం. పంపే డాక్టరుకే ఫిజియోథెరపీ కేంద్రంలో వాటా ఉంటే ఏమవుతుందో అమెరికాలోని ఫ్లోరిడాలో లెక్క తీశారు. 1992లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం అలాంటి కేంద్రాల్లో ఒక్కో పేషెంటును 39 నుంచి 45 శాతం ఎక్కువ సార్లు తిప్పించారు, అర్హత గల థెరపిస్టు ఒక్కో సిట్టింగులో వెచ్చించిన సమయం మాత్రం మిగతా కేంద్రాలకన్నా తక్కువ. డాక్టరుకు నిజంగా పనికొచ్చేది ఒక పేజీ ఉత్తరం: మీరు పంపినవారు ఈ స్థితిలో వచ్చారు, ఇది చేశాం, ఇప్పుడు ఇలా ఉన్నారు, ఫలానాది నాకు అనుమానంగా ఉంది, మీరు చూడండి. నేను అలాంటివి రాయడం మొదలుపెట్టాక పంపేవారు పెరిగారు. ఒకరిద్దరు పంపడం మానేశారు, ఎందుకో నాకు తెలుసు. అసలు ఆస్ట్రేలియాలో 1976 నుంచే డాక్టరు చీటీ లేకుండా నేరుగా ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లే వీలుంది.

రెండో శాఖ గురించి ఎక్కువ చెప్పను, ఆ పుండు ఇంకా పూర్తిగా మానలేదు. మొదటి క్లినిక్‌లో ఎర్ర చుక్కలు లెక్కపెట్టకముందే రెండోది తెరిచాను. అక్కడ పేషెంట్లు ‘సార్ ఎప్పుడొస్తారు’ అని అడిగి తిరిగి వెళ్లేవారు, నేను అటు వెళ్తే ఇక్కడివారు అదే మాట అడిగేవారు. నేను రెండు వారాలు కనిపించకపోతే మొదటి క్లినిక్‌లో ఎంతమంది మానేస్తారో ముందే చూసుకుని ఉండాల్సింది. పైసా ఖర్చులేని పరీక్ష. అది నేను చేసింది రెండో శాఖ బోర్డు దించాక.