సవరణ: పికప్‌తో ట్రైలర్ లాగడంపై నేను చెప్పిన లెక్క తప్పు

మా పికప్ 11,000 పౌండ్లు లాగగలదని బ్రోషర్‌లో ఉంది కాబట్టి నిండా సర్దిన 7,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక కట్టుకెళ్లే చక్రాల ఇల్లు) నిశ్చింతగా కట్టుకోవచ్చని పోయిన వారం రాశాను. అది తప్పు. ఇక్కడ అమెరికాలో ఎవరైనా దాన్ని నమ్మి ట్రైలర్ కొనబోతుంటే దయచేసి ఆగండి.

డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది, మనుషులు, సామాను కలిపి ఇంత బరువుకు మించకూడదని. మా బండికి అది 1,480 పౌండ్లు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద, అంటే మన బండి మీదే పడుతుంది. 13 శాతం అనుకున్నా 910. మేం నలుగురం కలిసి 600. అక్కడికే 1,510 అయింది, హిచ్ సామాను సొంత బరువు, ఐస్ బాక్సు, పిల్లల సైకిళ్లు ఇంకా కలపనేలేదు! బండికి లాగే బలం ఉన్నా మోసే బలం చాలట్లేదన్నమాట.

ఒకరు ట్రైలర్‌లో సామాను వెనక్కి జరిపితే సరిపోతుందన్నారు. వద్దండీ, ముందు బరువు తగ్గితే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగిపోయి బండిని కూడా ఈడ్చేస్తుంది. కొనేముందు ఖాళీ బరువుతో కాకుండా ట్రైలర్ మీద రాసిన గరిష్ఠ బరువుతో లెక్క వేసుకోండి, కొన్నాక నీళ్లు, గ్యాస్ నింపి, అందరూ ఎక్కాక ట్రక్ స్టాప్‌లో కాటా వేయించండి.