ఈవిడెవరు?

భవభూతి సంస్కృత నాటకం ఉత్తరరామచరితం మొదటి అంకంలో లక్ష్మణుడు అన్నావదినలకు చిత్రపటాలు చూపిస్తుంటాడు. పెళ్లి బొమ్మ వస్తుంది. ఈమె మీరు, ఈమె మాండవి, ఈమె శ్రుతకీర్తి అని చెప్పుకొస్తాడు. సీత కావాలనే, మరి ఈవిడెవరు అని అడుగుతుంది. లక్ష్మణుడు సిగ్గుతో నవ్వుకుని, అందరి చూపూ పరశురాముడి బొమ్మ మీదకు మళ్లిస్తాడు. ఊర్మిళ సంగతి అక్కడితో సరి.

భవభూతికి దుఃఖం తెలియదనలేం. చెరువు నిండి పొంగితే అలుగు పారాల్సిందే, శోకం ముంచెత్తిన గుండెకు ఏడుపూ అంతే అని మూడో అంకంలో చెప్పించింది ఆయనే. ఆ అలుగేదో రాముడికే దక్కింది. అంతకుముందు వాల్మీకి మాత్రం? భర్త అడవికి బయల్దేరితే ఊర్మిళ ఏమందో ఒక్క మాటైనా రాయలేదు.

ఆమెను కవులు పట్టించుకోలేదని టాగూరు ఒక వ్యాసంలో బాధపడ్డాడు. హిందీలో మైథిలీశరణ్ గుప్త 'సాకేత్' (1931) కావ్యంలో తొమ్మిదో సర్గను ఆమె విరహానికే ఇచ్చాడు. మంచి పనే. కానీ అక్కడ విరహం ఎక్కువై మనిషి తక్కువైనట్టు నాకనిపిస్తుంది.

భర్త అడవిలో ఉన్నన్నాళ్లూ ఊర్మిళ నిద్రపోయిందని మనవాళ్లంటారు. ఓల్గా కథ 'విముక్త'లో ఆమె అసలు నిద్రపోలేదు. తలుపేసుకుని ఒంటరిగా కూర్చుంది, నిద్ర అన్నది లోకం. తన కోపాన్ని తనే తవ్వి చూసుకున్న ఆ ఊర్మిళంటే నాకు గౌరవం. అయితే మనకు కనిపించేసరికే ఆమె తేరుకుంది. దుఃఖం కన్నా దాన్ని దాటడమే అక్కడ కథ.

అందుకే నేను మళ్లీ మళ్లీ మన ఆడవాళ్ల పాట 'ఊర్మిళాదేవి నిద్ర' దగ్గరికే వెళ్తాను. పద్నాలుగేళ్లు నిద్ర. లక్ష్మణుడొచ్చి పక్కన కూర్చుంటే ఊర్మిళ వణికిపోతుంది. పరాయి మగవాడనుకుని చీవాట్లు పెడుతుంది, తమ వంశానికి అపకీర్తి వస్తుందని భయపడుతుంది. పరస్త్రీని కోరి ఇంద్రుడేమయ్యాడో, రావణుడేమయ్యాడో గుర్తుచేస్తుంది. నిద్రలో ఉన్న మనిషికి రావణుడి సంగతి ఎలా తెలిసిందని లెక్కలడక్కండి, పాటలో అవన్నీ చెల్లుతాయి. పద్నాలుగేళ్లు ఎంత పొడుగో చెప్పడానికి ఆ పాటకు కన్నీళ్ల వర్ణన అక్కర్లేకపోయింది. పెళ్లాం మొగుణ్ని పోల్చుకోలేదు, అంతే.

బొమ్మ దగ్గర జవాబు దాటేసిన లక్ష్మణుడు, ఇక్కడ తనెవరో తనే చెప్పుకోవాల్సి వచ్చింది.