రాత్రి పది గంటల నిబంధనగారికి ఒక విన్నపం

మహారాజశ్రీ రాత్రి పది గంటల నిబంధనగారి దివ్యసముఖానికి, బెంగళూరు మారతహళ్లిలోని ఒక పీజీ మూడో అంతస్తులో కాపురముంటున్న తెలుగువాడు నమస్కరించి వ్రాసుకుంటున్న విన్నపం.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమావళిలో కొలువుదీరిన తమరు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగరాదని దేశమంతటికీ ఒకే మాటగా శాసించారు. నివాస ప్రాంతాల్లో రాత్రివేళ శబ్దం 45 డెసిబెల్స్ దాటరాదన్న లెక్క కూడా అందులోనే ఉంది. మారతహళ్లిలో ఏడేళ్లుగా ఉంటున్నా దర్శనభాగ్యం కలగకపోవడంతో, తమరు కాగితం దిగి రారని పొరబడ్డాను.

గత నవంబరులో ఒక శుక్రవారం రాత్రి నెల్లూరు, అనంతపురం, ఖమ్మం మిత్రులతో కలిసి స్లీపర్ బస్సెక్కి గోవా వెళ్లాను. తెల్లవార్లూ హోరెత్తే సంగీతంలో మునిగితేలాలన్నదే మా సంకల్పం. పాత గోవా చర్చిలు చూద్దామన్న అనంతపురం మిత్రుని ప్రతిపాదన బస్సు తుమకూరు దాటకముందే వీగిపోయింది. బాగా అనే బీచిలో, కెరటాలకు నాలుగడుగుల దూరాన ఇసుకలో వేసిన బల్ల దగ్గర కూర్చుని, వేయించిన చేప ముళ్లు తీసుకుంటూ, పాట ఊపందుకున్నదని సంతోషిస్తున్న వేళ తమరు విచ్చేశారు. పది కొట్టగానే స్పీకర్ నోరు మూసుకుంది. (ఒడ్డున వేసే పాకను అక్కడ షాక్ అంటారు. ఆ పేరెందుకు పెట్టారో మాకు అప్పుడు తెలిసింది.)

మరునాడు దక్షిణ గోవాలోని పాలోలెంలో, తమ కన్నుగప్పేందుకు కనిపెట్టిన ఉపాయాన్ని చూశాం. డబ్బు కట్టి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే మీట నొక్కి నచ్చిన డీజే పాట వినవచ్చు. ఎవరు ఏ పాట వింటున్నారో చెవి దగ్గర వెలిగే రంగు దీపం చెబుతుంది. నెల్లూరు ఎర్ర దీపానికి, అనంతపురం నీలి దీపానికి గెంతుతుండగా నేను ఒక్కసారి హెడ్‌ఫోన్లు తీసి చూశాను. అంతమంది చిందులేస్తున్న చోట పాదాల చప్పుడు, సముద్రపు హోరు, ఆ రెంటినీ మించి, తన గొంతు తనకే వినబడని ఖమ్మం మిత్రుని గానం తప్ప మరేమీ లేవు. ఆ గొంతుకు 45 డెసిబెల్స్ ఏ మూలకు? అయినా అది లౌడ్‌స్పీకర్ కాదు గనుక తమరు కలుగజేసుకోలేదు.

సోమవారం రాత్రి పదకొండున్నరకు మా గదిలో దిండు చెవులకు అదుముకుని పడుకున్నాను. ఎదురుగా కల్యాణ మండపం ఉంది. మూసిన హాళ్ల లోపలి శబ్దానికి తమరిచ్చిన మినహాయింపు నేనెరుగుదును. కానీ ఆ పెళ్లివారి డీజే బాక్సులు మినహాయింపును లోపలే వదిలి, తాము వాకిట్లోకి వచ్చి కూర్చున్నాయి. అవి అలసిపోయాక పక్క వీధిలో బోరు బండి అందుకుంది. జనం సెలవు మీద వెళ్లే ఊళ్లో తమరు డ్యూటీ చేస్తారు, జనం డ్యూటీ చేసే ఊళ్లో తమరు సెలవు పెడతారు.

కాబట్టి తమరు కనీసం డెప్యుటేషన్ మీదనైనా మారతహళ్లికి రావలసిందిగా ప్రార్థన. అయితే వచ్చే నెల మా ఖమ్మం మిత్రుని పెళ్లి విందు ఆ మండపంలోనే జరుగుతుంది, బాక్సుల బాధ్యత నాకు అప్పగించారు. దయచేసి ఆ ఒక్క రాత్రి మాత్రం గోవాలోనే ఉండగలరు.