జూన్ వస్తే కొత్త మాస్టారు

బడులు తెరిచిన మొదటి వారంలో ప్రైవేటు స్కూలు పిల్లలు ఇంటికి మోసుకొచ్చే కబురు ఒకటుంది: 'లెక్కల సారు మారిపోయారు'. సైన్సు టీచరుదీ అదే కథ. ఎందుకు వెళ్లారని తల్లిదండ్రులు అడగరు, యాజమాన్యం చెప్పదు.

టీచర్లు వృత్తిని వదిలేయడం ఒక్క మన ఊసే కాదు. ప్రపంచంలో ప్రాథమిక ఉపాధ్యాయుల్లో ఏటా మానేసేవారు 2015లో 4.6 శాతం ఉంటే, 2022 నాటికి 9.1 శాతానికి పెరిగారని యునెస్కో లెక్క తేల్చింది. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం సర్కారు బడిలో కుదురుకున్నవారు కొలువు వదలరు. వదిలేది ప్రైవేటు బడి టీచరే.

చిన్న పట్టణాల్లో బీఈడీ చేసినవారికి పది పన్నెండు వేల జీతం వింతేమీ కాదు. అదీ చాలాచోట్ల పది నెలలకే. వేసవిలో జీతం ఆగుతుంది, పని ఆగదు. మే నెల మిట్టమధ్యాహ్నం చేతిలో పాంప్లెట్లు, నెత్తిన చున్నీతో అపార్ట్‌మెంట్ మెట్లెక్కి తలుపు తట్టే టీచరమ్మను చూడనివారెవరు? తలకిన్ని అడ్మిషన్లని టార్గెట్. తేకపోతే జూన్‌లో రావద్దంటారు. మానేస్తానంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉంటాయి. కరోనా కాలంలో ఇదే వర్గం కూరగాయల బండి పెట్టుకుంది, ఉపాధి పనికి వెళ్లింది. 2021లో తెలంగాణ సర్కారు నెలకు రూ.2,000, 25 కిలోల బియ్యం ఇచ్చి ఆదుకోవాల్సి వచ్చింది. బళ్లు తెరిచాక వారిలో అందరూ వెనక్కి రాలేదు. రాకపోవడాన్ని తప్పుపట్టే నైతిక హక్కు మనలో ఎవరికీ లేదు.

నిబంధనల్లేవా అంటే, ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రం 1994 జనవరి 1న ఇచ్చిన జీవో 1 చెప్పిందేమిటి? ఫీజుల రాబడిలో సగం జీతాలకు, మరో 15 శాతం పీఎఫ్, గ్రాట్యుటీ (కొలువు వీడేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే సొమ్ము), బీమా వంటివాటికి పోవాలని. యాజమాన్యానికి మిగిలేది 5 శాతమేనని. మూడు దశాబ్దాలు దాటింది. ఎన్ని బళ్లలో ఈ పద్దులు తనిఖీ చేశారో విద్యాశాఖ ఏనాడైనా జనం ముందు పెట్టిందా? ప్రైవేటు టీచర్లకూ గ్రాట్యుటీ హక్కుందని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. కానీ దానికి సాధారణంగా అయిదేళ్ల సర్వీసు కావాలి. నియామక పత్రమే లేని టీచరు తన సర్వీసును దేనితో రుజువు చేసుకోవాలి?

అందుకే ప్రైవేటు టీచరు పాఠాలు చెబుతూనే సర్కారు టీచరు కొలువుల పరీక్ష డీఎస్సీకి చదువుతుంటారు. తెలంగాణలో 2024 అక్టోబర్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 సెప్టెంబర్‌లో నియామక పత్రాలు అందుకున్న వేలమందిలో ఇలాంటివారు తక్కువేమీ కాదు. వారికి అది పండుగే. సగం సిలబస్ దగ్గర సారు మాయమైన తరగతి మాటేమిటి? నోటిఫికేషన్ ఏటా ఒక తేదీకి వచ్చి, చేరికలు జూన్‌లోపు ముగిస్తే ఈ అవస్థ ఉండదు.

ఇక సర్కారు టీచరు ఉద్యోగం వదలకపోయినా, తరగతికి దూరమవుతున్నారు. యాప్‌లో మరుగుదొడ్డి ఫొటోలు, ముఖ హాజరు... ఆంధ్రాలో ఎన్ని చూడలేదు! జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు పంపొద్దని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అయినా 2024 నవంబర్‌లో తెలంగాణ ఇంటింటి కుల సర్వేకు ప్రాథమిక బడుల టీచర్లనే దింపారు.

ప్రైవేటు టీచరును నిలబెట్టుకోవడానికి కొత్త కమిటీ అక్కర్లేదు. జీతం పన్నెండు నెలలూ బ్యాంకు ఖాతాలోనే పడాలి. చేరిన రోజే నియామక పత్రం చేతికివ్వాలి. సర్టిఫికెట్లు దాచుకున్న యాజమాన్యంపై కేసు పెట్టాలి. గుర్తింపు రెన్యువల్‌కు వచ్చే ప్రతి దరఖాస్తుకూ టీచర్ల జీతాల బ్యాంకు స్టేట్‌మెంట్‌ను, గత మూడేళ్లలో మానేసినవారి జాబితాను జతచేయాలని జిల్లా విద్యాధికారులు ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు, సగం దారికొస్తుంది. ఫైర్ ఎన్‌వోసీ లేదని ఫైలు ఆపగలిగిన శాఖ, జీతాల పద్దు లేదని ఎందుకు ఆపలేదు?