‘ఆర్గానిక్ లేబుల్ అంతా బోగస్’ అనే ఫార్వర్డ్‌కి నా జవాబు

కొన్నాళ్ళుగా ఫ్యామిలీ గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. చూడని వాళ్ళ కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెప్తా. "ఆర్గానిక్ లేబుల్ అంతా బోగస్. మన దేశంలో దానికి చట్టమే లేదు, ఎవడైనా ప్యాకెట్ మీద ఆకుపచ్చ బొమ్మ వేసుకోవచ్చు. డబ్బులు పడేస్తే సర్టిఫికెట్ వస్తుంది, అందుకే యూరప్, అమెరికా మన ఆర్గానిక్‌ని బ్యాన్ చేశాయి. ల్యాబ్‌లో టెస్ట్ చేస్తే ఆర్గానిక్‌లో కూడా పురుగుమందు బయటపడింది. చిన్న రైతుకి సర్టిఫికెట్ రానే రాదు, అదంతా పెద్ద కంపెనీల ఆట. కాబట్టి లేబుల్ చూడటం మానేయండి, పురుగు ఉన్న కూరగాయలు చూసి కొనుక్కోండి, అదే అసలైన ఆర్గానిక్." కింద పది మందికి పంపండి అని.

దీన్ని పంపినవాళ్ళలో నాకు బాగా తెలిసిన అన్నయ్యలు, అక్కలు ఉన్నారు, మంచి ఉద్దేశంతోనే పంపారు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఇందులో సగం నిజాలు, పూర్తి అబద్ధాలు కలగలిసిపోయి ఉన్నాయి, చివర్లో ఇచ్చిన సలహా అయితే నిజాయితీగా పండించే రైతు నోట్లో మట్టి కొట్టేది. అందుకే ఒక్కోటి విడదీసి రాస్తున్నా.

మొదటిది, చట్టమే లేదు అన్నది. ఉంది. కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017లో ఆర్గానిక్ ఆహారానికి విడిగా నిబంధనలు తెచ్చింది, 2018 జులై 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ఒక సరుకుని ఆర్గానిక్ అని ప్యాక్ చేసి అమ్మాలంటే రెండు దార్లున్నాయి. ఒకటి ఎన్‌పీఓపీ అనే జాతీయ ఆర్గానిక్ కార్యక్రమం, ఇది 2001 నుంచి ఉంది, కేంద్ర వాణిజ్య శాఖ కింద ఉన్న ఎగుమతుల సంస్థ అపెడా నడుపుతుంది, ఇందులో బయటి సంస్థ వచ్చి తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇస్తుంది. రెండోది పీజీఎస్ ఇండియా, వ్యవసాయ శాఖది, ఇందులో రైతులే గ్రూపుగా ఏర్పడి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఈ రెండిట్లో ఏదో ఒకటి ఉంటేనే ప్యాకెట్ మీద జైవిక్ భారత్ లోగో, అంటే ప్రభుత్వ ఆర్గానిక్ గుర్తు, వేయాలి. లేకుండా వేస్తే అది ఆహార భద్రత చట్టం కింద తప్పుడు లేబుల్, సెక్షన్ 52 ప్రకారం 3 లక్షల దాకా జరిమానా, తప్పుదారి పట్టించే ప్రకటన అయితే సెక్షన్ 53 కింద 10 లక్షల దాకా.

మరి షాపుల్లో గోనెసంచుల్లో లూజుగా పోసిన కందిపప్పు మీద ఆర్గానిక్ అని అట్టముక్క గుచ్చి కిలోకి డబుల్ రేటు ఎలా తీసుకుంటున్నారు అంటారా? పట్టుకునేవాళ్ళు లేక. జిల్లాకి ఉన్న ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్లు హోటళ్ళ కిచెన్లు, కల్తీ పాలు, కల్తీ నూనెలు చూసుకునే సరికే వాళ్ళకి తెల్లారిపోతుంది. చట్టం లేకపోవడం వేరు, ఉన్న చట్టాన్ని వాడకపోవడం వేరు. మొదటిది నమ్మితే మనం చేతులెత్తేస్తాం, రెండోది తెలిస్తే అడుగుతాం, కంప్లైంట్ ఇస్తాం.

ఇక యూరప్, అమెరికా సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువ రాయాలి ఎందుకంటే ఫార్వర్డ్‌లో నిజం పాలు ఎక్కువున్నది ఈ ముక్కలోనే.

2020 సెప్టెంబర్‌లో బెల్జియం ఒక హెచ్చరిక పంపింది, ఇండియా నుంచి వచ్చిన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ దొరికింది అని. ఇది ఒక గ్యాస్, గింజల్లో సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియాని చంపడానికి గోడౌన్‌లో పట్టిస్తారు, క్యాన్సర్ తెచ్చే రసాయనం, యూరప్‌లో ఆహారం మీద వాడటం నిషేధం. మామూలు నువ్వులతో పాటు ఆర్గానిక్ అని వెళ్ళిన నువ్వుల్లోనూ అది బయటపడింది. దాంతో యూరప్ వాళ్ళు మన దేశంలో పనిచేసే ఐదు సర్టిఫికేషన్ సంస్థల గుర్తింపు తీసేశారు, 2022 జనవరి నుంచి వాళ్ళిచ్చిన కాగితం అక్కడ చెల్లలేదు. గమనించండి, తీసేసింది ఆ ఐదు సంస్థల్ని, మిగతా సంస్థల సర్టిఫికెట్‌తో సరుకు వెళ్తూనే ఉంది.

అమెరికా చేసింది వేరు. అంతకుముందు అపెడా గుర్తించిన సంస్థ అమెరికా రూల్స్ ప్రకారం సర్టిఫికెట్ ఇస్తే వాళ్ళు ఒప్పుకునేవాళ్ళు. 2021 జనవరిలో ఆ ఏర్పాటు రద్దు చేసి, ఇక నుంచి మా దగ్గర నేరుగా గుర్తింపు తెచ్చుకున్న సంస్థలే సర్టిఫై చేయాలి అన్నారు, పద్దెనిమిది నెలలు గడువిచ్చారు. మీ నిఘా మీద మాకు నమ్మకం లేదు అని మొహం మీద చెప్పినట్టే, సిగ్గుపడాల్సిన విషయమే, కానీ బ్యాన్ మాత్రం కాదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళు ఇండియన్ స్టోర్‌కి వెళ్తే ఇప్పటికీ ఇండియా నుంచి వచ్చిన ఆర్గానిక్ పసుపు, పప్పులు కనపడతాయి.

అసలు లోపం ఎక్కడుందో కూడా చెప్పుకోవాలి. మన దగ్గర ఎకరం రెండెకరాల రైతులు విడివిడిగా సర్టిఫికెట్ తెచ్చుకోలేరు కాబట్టి గ్రూపుగా తీసుకునే పద్ధతి పెట్టారు, ఒక్కో గ్రూపులో 500 మంది దాకా. గ్రూపు లోపల సొంత తనిఖీ ఉంటుంది, బయటి సంస్థ వచ్చి కొన్ని చేలు మాత్రం చూస్తుంది, ఎన్ని అంటే కనీసం గ్రూపు సంఖ్యకి వర్గమూలం, అంటే 400 మంది ఉంటే 20 చేలు. గ్రూపు నిజాయితీగా ఉంటే ఇది చాలు. కానీ చాలాచోట్ల గ్రూపుని నడిపేది రైతులు కాదు, ఎగుమతి చేసే కంపెనీ, సర్టిఫికెట్ ఉండేది కంపెనీ పేరు మీద. రైతు తన సరుకు వేరేవాళ్ళకి అమ్మితే అది ఆర్గానిక్‌గా అమ్ముకోలేడు, రెండేళ్ళు మూడేళ్ళు కష్టపడింది తను, కాగితం మాత్రం ఇంకొకడిది. ఇలాంటి చోటే పేర్లు కాగితాల మీదే పుడతాయి, మేం ఆ గ్రూపులో ఉన్నట్టు మాకే తెలీదు అని రైతులు చెప్పిన కథనాలు పత్తి విషయంలో పేపర్లలో వచ్చాయి. పైగా అమ్మిన ప్రతి లాటుకీ విడిగా ఒక సర్టిఫికెట్ ఉంటుంది, ఫలానా గ్రూపు నుంచి ఇన్ని క్వింటాళ్ళు వచ్చింది అని, దాన్ని ట్రేస్‌నెట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఎక్కిస్తారు. వంద ఎకరాల్లో పండే దానికంటే ఎక్కువ సరుకు లెక్కలోకి వస్తే అక్కడే దొరకాలి, కానీ మొదట్లోనే ఎకరాలు దొంగవైతే లెక్క చక్కగా సరిపోతుంది.

2025 జనవరిలో ఎన్‌పీఓపీ ఎనిమిదో ఎడిషన్ వచ్చింది, అందులో రైతు గ్రూపుకి చట్టబద్ధమైన రూపం ఉండాలి అన్నారు, ట్రేస్‌నెట్‌ని కూడా కొత్తగా మార్చారు. ఇది సరిపోతుందా అంటే నా మటుకు నాకు అనుమానమే, తనిఖీ చేసే సంస్థకి ఫీజు ఇచ్చేది తనిఖీకి గురయ్యేవాడే అయినంత కాలం ఒత్తిడి ఉంటూనే ఉంటుంది, ముందుగా చెప్పకుండా వెళ్ళే తనిఖీలు, పంట చేలో ఉండగా ఆకు శాంపిల్ తీసి పరీక్ష చేయడం ఇంకా పెరగాలి. కానీ ఈ మార్పు వచ్చింది కూడా లేబుల్‌ని సీరియస్‌గా తీసుకుని గొడవ చేసినవాళ్ళ వల్లే.

అమెరికా పేరెత్తారు కాబట్టి అక్కడి సంగతి కూడా వినండి. మిస్సోరీలో ఒకాయన 2010 నుంచి 2017 దాకా 14 కోట్ల డాలర్లకి పైగా ధాన్యం అమ్మాడు, అందులో చాలా భాగం మామూలు మొక్కజొన్న, సోయాని ఆర్గానిక్ అని చెప్పి అమ్మిందే, అది తిన్న కోళ్ళు, పశువుల మాంసం కూడా ఆర్గానిక్ పేరుతో జనం కొనుక్కున్నారు. 2019లో ఆయనకి పదేళ్ళ జైలు శిక్ష పడింది. తర్వాత అక్కడేం చేశారు, లేబుల్ ఎత్తేశారా? రూల్స్ బిగించారు. 2024 మార్చి 19 నుంచి మధ్యలో చేతులు మారే వ్యాపారులు, బ్రోకర్లలో చాలామందికి కూడా సర్టిఫికెట్ తప్పనిసరి అయింది, బయటి నుంచి వచ్చే ప్రతి ఆర్గానిక్ సరుకుకీ ఎలక్ట్రానిక్ దిగుమతి సర్టిఫికెట్ ఉండాలి అన్నారు. మన ఫార్వర్డ్ చెప్పేది ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోమని.

ల్యాబ్ ముక్కకి వస్తా. ఆర్గానిక్ అంటే ఎలా పండించారు అన్నదానికి ఇచ్చే హామీ. రసాయన ఎరువు వేయలేదు, పురుగుమందు కొట్టలేదు, జన్యుమార్పిడి విత్తనం వాడలేదు, నిల్వలో రేడియేషన్ ఇవ్వలేదు, ఇదీ హామీ. పక్క చేలో పత్తికి మందు కొడుతున్నప్పుడు గాలి ఇటు తిరిగితే నాలుగు చుక్కలు పడొచ్చు, కాలవ నీళ్ళలో రావొచ్చు. అందుకే సరిహద్దు మీద జొన్నో సజ్జో మూడు నాలుగు సాళ్ళు దట్టంగా వేయిస్తారు, ఆ సాళ్ళ పంటని ఆర్గానిక్‌లో కలపరు. నిబంధనల్లో కూడా దీనికి లెక్క ఉంది, మామూలు ఆహారంలో ఒక మందుకి ఎంత అవశేషం అనుమతిస్తారో దాంట్లో 5 శాతం, లేదా ల్యాబ్ కొలవగలిగే కనీస మోతాదు, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. అంతకు మించితే మోసమో నిర్లక్ష్యమో జరిగినట్టు, విచారణ చేయాల్సిందే. కాబట్టి "మందు బయటపడింది" అని ఎవరైనా పంపితే ఏ మందు, ఎంత మోతాదు, పరిమితి ఎంత అని మూడు ప్రశ్నలు అడగండి. ఈ మెసేజ్‌లో ఒక్కదానికీ జవాబు లేదు.

చిన్న రైతుకి రానే రాదు అన్న మాట చదివినప్పుడు మాత్రం నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే నేను ఒక పీజీఎస్ రైతు గ్రూపుకి కాగితాల పనిలో సాయం చేస్తుంటా. పీజీఎస్‌లో కనీసం ఐదుగురు రైతులు కలిస్తే గ్రూపు. ఫలానావి వాడం అని అందరూ ప్రమాణం మీద సంతకం పెడతారు. సీజన్‌లో తోటి రైతులు చేనికి వస్తారు, గట్టు వెంట మొత్తం తిరుగుతారు, ఆకు తిప్పి చూస్తారు, మోటారు షెడ్డులో మూలన ఖాళీ మందు డబ్బాలు ఏమైనా ఉన్నాయా అని చూస్తారు, జీవామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసుకునే ద్రవ ఎరువు) డ్రమ్ము మూత తీసి వాసన చూస్తారు. ఒకసారి ఒక పెద్దావిడ అందరికంటే ముందు వెళ్ళి గోడకి తగిలించిన స్ప్రేయర్ దించి "ఇది ఎవరిది తమ్ముడూ, ఎవరికైనా అద్దెకిస్తున్నావా" అని అడిగింది, ఎందుకంటే పక్కోడి మందు కొట్టిన ట్యాంకులో కషాయం పోసి కొట్టినా అవశేషం వస్తుంది. అతను కాసేపు నీళ్ళు నమిలి, బావమరిదికి ఇచ్చానక్కా అన్నాడు. గ్రూపు ఆ సీజన్‌కి అతని చేను ఆపేసింది. బయటి నుంచి వచ్చే ఇన్‌స్పెక్టర్‌కి ఆ బావమరిది సంగతి ఎలా తెలుస్తుంది?

ఇదేం కొత్త సంగతి కాదు. జహీరాబాద్ వైపు డీడీఎస్ (దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) సంఘాల దళిత మహిళా రైతులు, అనంతపురం వైపు టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ రైతులు, ప్రభుత్వం పీజీఎస్‌ని చేతిలోకి తీసుకోకముందే ఈ దారిలో నడిచారు. ఇప్పుడైతే పరంపరాగత్ కృషి వికాస్ యోజన అనే కేంద్ర పథకం కింద మూడేళ్ళకి హెక్టారుకి 31,500 రూపాయల సాయం ఉంది, అందులో 15,000 నేరుగా రైతు ఖాతాలో పడాలి. చిన్న రైతు తన పంట తనే నేరుగా తినేవాళ్ళకి అమ్ముకుంటే సర్టిఫికెట్ నుంచి మినహాయింపు కూడా ఉంది, జైవిక్ భారత్ లోగో మాత్రం వేసుకోకూడదు. ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి, పీజీఎస్ కాగితం ఎగుమతికి పనికిరాదు, సాయం ఆలస్యంగా వస్తుంది, పోర్టల్‌లో వివరాలు ఎక్కించడం పెద్ద తలనొప్పి. కానీ "రానే రాదు" అని పది మందికి పంపితే, తెచ్చుకున్నవాళ్ళ కష్టం అబద్ధం అన్నట్టే కదా.

ఆఖరిది, పురుగు ఉంటే ఆర్గానిక్. వంకాయలో కాయ తొలిచే పురుగు పిల్లగా ఉన్నప్పుడే లోపలికి దూరిపోతుంది, ఇక పైన ఎంత మందు కొట్టినా దానికి తగలదు, వారానికి రెండుసార్లు మందు కొట్టిన తోటలో కూడా పుచ్చు వంకాయలు వస్తాయి. ఇంకోవైపు చేయి తిరిగిన ఆర్గానిక్ రైతు కాయలు శుభ్రంగా ఉంటాయి. మగ పురుగుల్ని వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు, పక్షి స్థావరాలు, గట్ల మీద ఆముదం, బంతి, వేప కషాయం, ఇవన్నీ వేళకి చేసుకునేవాళ్ళు పురుగుని అదుపులో పెడతారు. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల ఊళ్ళో పత్తినే పురుగుమందు లేకుండా పండించి చూపించారు, జనగామ వైపు ఏనబావిలో ఊరు ఊరంతా రసాయనాలు మానేసింది. ఈ పురుగు పరీక్ష పెడితే ఓడిపోయేది పని తెలిసిన ఆ రైతులే, గెలిచేది మార్కెట్‌లో పుచ్చు కాయలు ఏరి ఆర్గానిక్ అని అమ్మేవాడు.

ఇంకోటి ఆలోచించండి. ఏటా వేసే పంటలైతే రెండేళ్ళు, తోటలైతే మూడేళ్ళు మార్పిడి కాలం ఉంటుంది. ఆ కాలంలో దిగుబడి తగ్గొచ్చు, పండింది పూర్తి ఆర్గానిక్ అని అమ్మకూడదు, పీజీఎస్‌లో అయితే గ్రీన్ అనే వేరే ముద్ర మీదే అమ్మాలి. ఆ రెండు మూడేళ్ళు అప్పు చేసి నెట్టుకొచ్చిన రైతుకి చేతికొచ్చేది ఆ లేబుల్ ఒక్కటే. దానికి విలువ లేదని మనమే ఊరంతా చాటితే, ఏ కష్టం పడకుండా అట్టముక్క గుచ్చినవాడికీ ఇతనికీ తేడా పోతుంది.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి అంటే, ప్యాకెట్ వెనక్కి తిప్పండి. జైవిక్ భారత్ లోగో, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్, దాంతోపాటు ఎన్‌పీఓపీ వాళ్ళ ఇండియా ఆర్గానిక్ లోగో అయితే సర్టిఫై చేసిన సంస్థ పేరు, గుర్తింపు నంబర్, పీజీఎస్ అయితే గ్రూపు ఐడీ ఉండాలి. జైవిక్ భారత్ పోర్టల్‌లో, పీజీఎస్ ఇండియా పోర్టల్‌లో ఆ వివరాలు వెతకొచ్చు. లూజుగా అమ్ముతుంటే ఏ గ్రూపు నుంచి తెచ్చారో అడగండి, సర్టిఫికెట్ చూపిస్తే తేదీ చూడండి, అందులో మీరు కొంటున్న పంట పేరు ఉందో లేదో చూడండి, పసుపుకి తీసుకున్న సర్టిఫికెట్ చూపించి బెల్లం అమ్మేవాళ్ళు ఉన్నారు. వివరాలు కలవకపోతే బిల్లు, ప్యాకెట్ ఫోటో పెట్టి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కంప్లైంట్ ఇవ్వండి, లేదా జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి రాసివ్వండి, ఇచ్చాక ఆ కంప్లైంట్ నంబర్ దాచుకుని ఏమైందో మళ్ళీ అడగండి.