4440 ఐసీతో ‘200 వాట్ల’ ఆంప్లిఫయరా?

ఆంప్లిఫయర్ సొంతంగా చేద్దామని మొదలుపెట్టే ప్రతి కుర్రాడికీ ఎవరో ఒకరు పంపే మెసేజ్ ఒకటుంది. “4440 ఐసీ బోర్డు కొనండి, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ తగిలించండి, 200 వాట్ల హోమ్ థియేటర్ రెడీ. బేస్ కావాలంటే ఇంకా పెద్ద కెపాసిటర్ వేయండి. గుయ్‌మని సౌండ్ వస్తే ఐసీ డూప్లికేట్, మార్చేయండి. హీట్ సింకూ ఫ్యూజూ దండగ.” 4440 అంటే సౌండు పెంచే ఆంప్లిఫయర్ ఐసీ (పూర్తి పేరు ఎల్ఏ4440), దానితో మొదలుపెట్టమనడం వరకు బాగానే ఉంది. పద్నాలుగు కాళ్ల ఐసీ, చుట్టూ కొన్ని కెపాసిటర్లు, అంతే. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ఐసీ, బోర్డు రెండూ దొరుకుతాయి, కాలిపోయినా గుండె పగలదు. గొడవంతా మిగతా మాటలతోనే.

ముందు ఆ 200 వాట్ల సంగతి. ఎల్ఏ4440 చేసిన జపాన్ సాన్యో వాళ్లే డేటాషీట్‌లో ఏం రాశారంటే, 13.2 వోల్టుల మీద 4 ఓమ్‌ల స్పీకర్లకు స్టీరియోలో ఒక్కో వైపు 6 వాట్లు, రెండు చానళ్లనూ కలిపి బ్రిడ్జ్ చేస్తే 19 వాట్లు, అదీ సౌండు 10 శాతం చెడిపోయే దాకా లాగితే. లెక్క మీరే వేసుకోవచ్చు: 12 వోల్టులిస్తే అవుట్‌పుట్ సగం దగ్గర నిలబడి అటు ఆరు, ఇటు ఆరు వోల్టులు ఊగుతుంది, ఆర్ఎంఎస్‌లో (అంటే పనికొచ్చే సగటు లెక్కలో) అది 4.24, దాన్ని దానితోనే గుణించి 4 ఓమ్‌లతో భాగిస్తే నాలుగున్నర వాట్లు. బ్రిడ్జ్‌లో ఊపు రెట్టింపు కాబట్టి 18. ఐసీ ఒరిజినలైనా బ్రహ్మదేవుడే చేసిచ్చినా ఆ వోల్టేజీకి అంతకు మించిన వాట్లలో శుభ్రమైన సౌండు రాదు. ఇంకా సూటిగా చెప్పాలంటే, 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టర్ ఇవ్వగలిగిందే 12 వాట్లు. బావిలో ఉంటేనే కదా బొక్కెనలోకి వచ్చేది! అట్టపెట్టె మీద కనిపించే పీఎంపీవో అంకెలకైతే అసలు ప్రమాణమంటూ ఏదీ లేదు, ఎవడికి తోచింది వాడు వేసుకోవచ్చు.

అలాగని ఆరు వాట్లను చిన్నచూపు చూడకండి. ఆరును పన్నెండు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి కాస్త తేడా తెలుస్తుందంతే. మామూలు గదికి ఆరు చాలు, పక్కింటివాళ్లు తలుపు కొట్టడానికి కూడా సరిపోతుంది.

12-0-12 అంటే మధ్య వైరు సున్నా, దానికి అటూ ఇటూ 12 వోల్టుల ఏసీ ఇచ్చే మూడు వైర్ల ట్రాన్స్‌ఫార్మర్. అసలు ప్రమాదం అక్కడే ఉంది. 12 వోల్టుల ఏసీని డయోడ్లతో డీసీ చేసి కెపాసిటర్‌తో నింపితే 12 రాదు, 16 దాటుతుంది. లోడు లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో ఇంకా పైకి పోతుంది. ఈ ఐసీ నడుస్తూ తట్టుకునే హద్దు 18 వోల్టులు. అంటే సెంటర్ ట్యాప్‌ను, అదే ఆ మధ్య వైరును, గ్రౌండ్ చేసి రెండు డయోడ్లు వేసినా అంచు మీద నడకే, రాత్రిపూట కరెంటు వోల్టేజీ పెరిగితే చెప్పనక్కర్లేదు. కొందరు ఆ మధ్య వైరును వదిలేసి, రెండు చివరలకూ నాలుగు డయోడ్ల బ్రిడ్జి పెడతారు. అప్పుడు వచ్చేది 33 వోల్టుల దాకా, స్విచ్ వేయగానే ఐసీ హరీ. దాని పక్కనే 16 వోల్టుల కెపాసిటర్ ఉంటే అది తల ఉబ్బి పేలుతుంది, మధ్య వైరును సరిగ్గా కలిపినప్పుడు కూడా కనీసం 25 వోల్టులదన్నా వేయాలి. ఈ ఐసీకి 9-0-9 హాయి. మొదటి ప్రయత్నమైతే రెడీమేడ్ 12 వోల్టుల 2 ఆంపియర్ అడాప్టరే మేలు, 230 వోల్టుల జోలికే పోనక్కర్లేదు.

కెపాసిటర్‌తో బేస్ అనేది సగం నిజం. సప్లైలో వేసేది పెద్దదైతే రిపుల్ (డీసీలో మిగిలిపోయే ఏసీ అలలు) తగ్గుతుంది, పెద్ద డ్రమ్ము దెబ్బలకు వోల్టేజీ కుంగదు, అంతవరకే. బేస్‌ను కత్తిరించేది స్పీకరుకు వెళ్లే దారిలో ఉన్న కెపాసిటర్: 4 ఓమ్‌లకు 1000 మైక్రోఫారడ్ వేస్తే సుమారు 40 హెర్ట్జ్ కింద తగ్గడం మొదలవుతుంది, 100 వేస్తే 400 దగ్గరే పోతుంది. బోర్డులో 1000 ఉంటే దాన్ని 10,000 చేసి ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే బల్ల మీద వట్టిగా పడుకోబెట్టిన నాలుగంగుళాల స్పీకరుకు ఆ కింది స్వరాలు ఎలాగూ రావు. ముందు నుంచి వచ్చే గాలినీ వెనక నుంచి వచ్చే గాలినీ ఒకదాన్నొకటి కొట్టేసుకోనిస్తే బేస్ ఎక్కడుంటుంది? ఒక అట్టపెట్టెకు స్పీకరు సైజులో రంధ్రం చేసి, పాట మోగుతుండగా దాన్ని అక్కడ ఆనించి చూడండి. రూపాయి ఖర్చు లేకుండా బేస్ లేచి వస్తుంది.

గుయ్‌మనే మోతకు ఐసీని తిట్టకండి. 4440 లోపలి గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే లెక్క, 51.5 డెసిబెల్స్, అంటే ఇన్‌పుట్‌లో ఏది దూరినా సుమారు 375 రెట్లవుతుంది. వాల్యూమ్ పాట్ (సౌండు పెంచి తగ్గించే నాబ్) దాకా మామూలు వైరు లాగి, దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ పక్క నుంచే తీసుకెళ్తే మోత రాక ఏమొస్తుంది? ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు షార్ట్ చేయండి. మోత ఆగితే తప్పు ఇన్‌పుట్ వైరింగ్‌ది: షీల్డ్ వైరు (చుట్టూ లోహపు తొడుగున్న వైరు) వేయండి, పాట్ బాడీని గ్రౌండ్ చేయండి. ఆగకపోతే సప్లై ఫిల్టరూ, గ్రౌండ్ వైర్లు వెళ్లే దారీ చూడాలి. స్పీకరు గ్రౌండూ ఇన్‌పుట్ గ్రౌండూ ఒకే సన్న వైరు మీద వస్తుంటే విడదీసి, విడివిడిగా సప్లై కెపాసిటర్ దగ్గరికి తెచ్చి కలపండి. డూప్లికేట్ ఐసీలు లేవని కాదు, కానీ ఇదంతా చూశాకే వాటి మీద అనుమానపడాలి.

ఐసీ వేడిని లాగేసే లోహపు రేకు, అదే హీట్ సింకు, లేకపోతే పాట మధ్యలో ఆగి, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. వేడెక్కి ఐసీ తనను తాను కాపాడుకుంటోందన్నమాట. ఫ్యూజు దండగ అన్నవాళ్లతో వాదన కూడా అనవసరం. ట్రాన్స్‌ఫార్మరే వాడతానంటే ప్రైమరీ వైపు (230 వోల్టులు వచ్చే వైపు) అర ఆంపియర్ ఫ్యూజు ఉండాల్సిందే, 230 వోల్టుల అతుకులన్నిటికీ స్లీవ్ ఎక్కించాల్సిందే. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ఎలక్ట్రీషియన్లు వాడే సీరీస్ బోర్డు (కరెంటును ఒక బల్బు గుండా పంపి ఇచ్చేది) అడిగి తెచ్చుకోండి, 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బుతో. ఒక్కసారి మెరిసి మందగిస్తే పర్వాలేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే ప్లగ్ పీకేసి డయోడ్ల దగ్గర షార్టు వెతకండి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు.